రంది, మనాది – మన మెదడు కణాల్లో ఏం జరుగుతుంది?

– నర్సింగ్ సూపరింటెండెంట్



మన పాలకుర్తి ప్రాంతంలో రెండు మాటలున్నాయి. ఒకటి రంది, రెండవది మనాది. రంది అంటే తెగని ఆలోచన. మనాది అంటే ఆ రంది లోపల పాతుకుపోయి మనిషిని కొంచెం కొంచెంగా తినేయడం. "కొడుకు పోయినప్పటి నుంచి ఆమెకు మనాది పట్టుకుంది" అంటాం. "అప్పుల రందితో ఎండిపోయిండు" అంటాం. డాక్టర్ల పుస్తకాల్లో వీటిని మానసిక ఒత్తిడి, కుంగుబాటు అని రాస్తారు. కాని మన పెద్దలు పెట్టిన మాటల్లోనే ఒక నిజం ఉంది: ఇవి మనసును మాత్రమే కాదు, శరీరాన్ని కూడా పట్టుకుంటాయి.

మన ఓపీకి వచ్చేవారిలో చాలామంది "రంది" అని చెప్పరు. గుండె దడ అంటారు, తలనొప్పి అంటారు, నిద్ర పడతలేదు, ఆకలి అయితలేదు, ఒళ్లంతా గుంజుతుంది అంటారు. బీపీ చూస్తాం, రక్తం పరీక్ష చేస్తాం, ఈసీజీ తీస్తాం. అన్నీ బాగానే ఉంటాయి. అప్పుడు ఇంట్లోవాళ్లు "ఏమీ లేదట, ఊరికే చేస్తున్నది" అంటారు. కొందరు "విశ్వాసం తక్కువైంది, ప్రార్థన చాలలేదు" అంటారు. మరికొందరు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. రోగికి ఉన్న బాధకు తోడు సిగ్గు కూడా చేరుతుంది.

అందుకే ఈ సంచికలో ఒక విషయం వివరంగా చెప్పాలనుకున్నాను. రంది పట్టిన మనిషి మెదడు కణాల్లో నిజమైన మార్పులు జరుగుతాయి. ఆ మార్పులను శాస్త్రజ్ఞులు దాదాపు నూరేళ్లుగా ఒక్కొక్కటిగా తెలుసుకుంటూ వచ్చారు. ఆ మార్పుల్లో చాలా భాగం తిరిగి బాగవుతాయి కూడా. ఇది అర్థమైతే సిగ్గు పోతుంది, వైద్యం మధ్యలో మానేయడం తగ్గుతుంది.

ఒత్తిడి హార్మోన్ మనకు శత్రువు కాదు

మన రెండు మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిని అధివృక్క గ్రంథులు అంటారు. వాటి నుండి వచ్చే ముఖ్యమైన హార్మోన్ కార్టిసాల్. ఏదైనా ఆపద వచ్చినప్పుడు మెదడులోని హైపోథాలమస్ అనే భాగం పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది. పిట్యూటరీ అధివృక్క గ్రంథులకు కబురు పంపుతుంది. అవి కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయి. అప్పుడు రక్తంలో చక్కెర పెరిగి, కండరాలకు, మెదడుకు శక్తి అందుతుంది. పొలంలో పాము కనిపించినప్పుడు, పిల్లవాడికి అర్ధరాత్రి ఫిట్స్ వచ్చినప్పుడు మనల్ని నిలబెట్టే శక్తిలో దీని పాత్ర పెద్దది.

ఆపద లేకపోయినా కార్టిసాల్ రోజూ ఒక క్రమంలో వస్తుంది. తెల్లవారుజామున పెరుగుతుంది, లేచిన అరగంటకు బాగా ఎక్కువగా ఉంటుంది, సాయంత్రానికి తగ్గుతుంది, అర్ధరాత్రి ప్రాంతంలో అన్నింటికంటే తక్కువగా ఉంటుంది. అధివృక్క గ్రంథులు పూర్తిగా చెడిపోయినవారికి ఈ హార్మోన్‌ను మాత్రల రూపంలో ఇవ్వకపోతే ప్రాణానికే ముప్పు. కనుక "ఒత్తిడి హార్మోన్ విషం" అనుకోవడం సరికాదు. వరద కాని నీరు వంటిది అది. నీరు లేకుండా పంట లేదు.

1936లో కెనడా దేశంలోని మాంట్రియల్‌లో హన్స్ సెల్యే అనే వైద్యుడు ఒక సంగతి గమనించారు. ఎలుకలను చలిలో ఉంచినా, గాయపరచినా, ఏదైనా మందు ఇచ్చినా, కష్టం ఏదైనా శరీరం ఒకే రకంగా స్పందిస్తున్నది. అధివృక్క గ్రంథులు ఉబ్బుతున్నాయి, కడుపులో పుండ్లు పడుతున్నాయి. ఒత్తిడి గురించిన ఈనాటి వైద్య జ్ఞానానికి అది ఒక మొదలు. "రందితో కడుపు కాలుతుంది" అని మన అవ్వలు చెప్పే మాట ఉత్తది కాదన్నమాట.

మెదడులోని తూములు

హార్మోన్ రక్తంలో తిరుగుతుంది సరే, అది మెదడు కణాల మీద ఎలా పనిచేస్తుంది? 1968లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్‌యువెన్, ఆయన సహచరులు ఎలుకల మీద ప్రయోగం చేసి, ఒత్తిడి హార్మోన్ మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఎక్కువగా పట్టుకుంటున్నదని కనుగొన్నారు. హిప్పోక్యాంపస్ మన జ్ఞాపకాలు ఏర్పడే చోటు. కొత్త విషయం నేర్చుకోవడానికి, జరిగినదాన్ని సరిగా గుర్తుపెట్టుకోవడానికి అది అవసరం.

ఆ కణాల లోపల హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్లు ఉంటాయి. వాటిని గ్రాహకాలు అంటారు. మన చెరువు కట్ట కింద తూము ఉంటుంది కదా, గ్రాహకం అటువంటిది. నీరు ఎంత ఉన్నా తూము ద్వారానే పొలానికి చేరాలి. కార్టిసాల్ కణం లోపలికి వచ్చి గ్రాహకంతో కలుస్తుంది. ఆ రెండూ కలిసి కణ కేంద్రకంలోకి పోయి, అక్కడి జన్యువుల్లో కొన్నింటిని పనిచేయిస్తాయి, కొన్నింటిని ఆపుతాయి. కణం ఏ ప్రోటీన్లు తయారుచేయాలో, తన కొమ్మలు పెంచుకోవాలో తగ్గించుకోవాలో దాన్నిబట్టి మారుతుంది.

ఇంకొక ముఖ్యమైన పని కూడా ఈ గ్రాహకాలకు ఉంది. ఆపద తీరిన తరువాత "ఇక చాలు, ఆపండి" అని హైపోథాలమస్‌కు, పిట్యూటరీకి చెప్పేది కూడా కార్టిసాలే, ఈ గ్రాహకాల ద్వారానే. అంటే మోటారు ఆపే స్విచ్ కూడా ఇందులోనే ఉంది. తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారిలో చాలామందికి ఈ స్విచ్ సరిగా పనిచేయదు. ఆపద లేకపోయినా మోటారు నడుస్తూనే ఉంటుంది.

పడకగదిలో మొదలైన ఒక పరిశోధన

ఇప్పుడు కథలో రెండవ పాత్ర వస్తుంది. దాని పేరు వృద్ధి కారకం. కణాలు బ్రతకడానికి, పెరగడానికి, కొమ్మలు వేయడానికి శరీరం తయారుచేసుకునే ప్రోటీన్లను వృద్ధి కారకాలు అంటారు.

వీటిలో మొదటగా తెలిసిన దానిని కనుగొన్నది ఒక స్త్రీ. ఆమె పేరు రీటా లెవీ మొంతాల్చీనీ, ఇటలీ దేశస్థురాలు, యూదురాలు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాల వల్ల ఆమెకు విశ్వవిద్యాలయంలో పని లేకుండా పోయింది. ఆమె తన పడకగదినే ప్రయోగశాలగా చేసుకొని, కోడిగుడ్లలోని పిండాలను తీసి, నాడీ కణాలు ఎలా పెరుగుతాయో, ఎందుకు చనిపోతాయో పరిశీలించింది. యుద్ధం తరువాత 1947లో అమెరికా వెళ్లి, 1950 దశకంలో స్టాన్లీ కోహెన్‌తో కలిసి నాడీ వృద్ధి కారకాన్ని నిర్ధారించింది. 1986లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె 103 ఏళ్లు జీవించి 2012లో మరణించింది. తలుపులన్నీ మూసిన కాలంలో కోడిగుడ్లతో మొదలుపెట్టిన పని ఇది అని మన ఆడపిల్లలకు చెప్పాలి.

1982లో జర్మనీలో ఈవ్ అలాన్ బార్డ్, హన్స్ టోనెన్ తమ బృందంతో కలిసి పంది మెదడు నుండి మరొక వృద్ధి కారకాన్ని వేరుచేశారు. దాన్ని పొట్టిగా బీడీఎన్‌ఎఫ్ అంటారు. మెదడు నుండి వచ్చి నాడీ కణాలను పోషించే కారకం అని దాని అర్థం. నాడీ కణం ఒక చిన్న చెట్టు వంటిది. దానికి కొమ్మలు, కొమ్మల మీద మొగ్గల వంటి ముళ్లు ఉంటాయి. ఆ ముళ్ల దగ్గరే ఒక కణం మరో కణంతో మాట్లాడుతుంది. బీడీఎన్‌ఎఫ్ ఆ కొమ్మలను, ముళ్లను నిలిపి ఉంచుతుంది, కొత్తవి వేయడానికి తోడ్పడుతుంది.

నీరటి పని

చాలాకాలం శాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ విడివిడిగా చూశారు. ఒత్తిడి హార్మోన్ ఒక పక్క, వృద్ధి కారకం ఒక పక్క. 1995 ప్రాంతంలో అమెరికాలో జరిగిన పరిశోధనల్లో, ఒత్తిడికి గురైన ఎలుకల హిప్పోక్యాంపస్‌లో బీడీఎన్‌ఎఫ్ తయారీ తగ్గుతుందని తెలిసింది. కుంగుబాటు మందులు కొన్ని వారాలు ఇస్తే అది మళ్లీ పెరుగుతుందని కూడా తెలిసింది.

ఆ తరువాత న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మోసెస్ చావో, ఫ్రెడ్డీ జానెటో, వారి సహచరులు ఇంకా లోతుకు వెళ్లారు. బీడీఎన్‌ఎఫ్ కణం లోపలికి పోదు. కణం పైన ఉన్న తన సొంత గ్రాహకం మీద కూర్చుంటుంది. అక్కడి నుండి లోపలికి ఒక కబురు పోతుంది. ఆ కబురు వెళ్లి, కార్టిసాల్‌ను పట్టుకునే గ్రాహకం మీద ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన గుర్తు వేస్తుంది. ఈ గుర్తు పడినప్పుడు అదే కార్టిసాల్, అదే గ్రాహకం వేరే జన్యువులను పనిచేయిస్తాయి. 2013లో వారు ఈ సంగతి ప్రకటించారు. 2015లో, ఈ గుర్తు పడకుండా చేసిన ఎలుకల్లో నాడీ కణాలు ఒత్తిడికి తగినట్లు తమను తాము మార్చుకోలేవని, కుంగుబాటు మందు పని కూడా సరిగా సాగదని చూపించారు.

దీన్ని మన ఊరి మాటల్లో చెప్పుకుందాం. వెనుకట ప్రతి చెరువుకు ఒక నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలి, ఏ మడికి ఎంత నీరు పోవాలి అన్నది అతని చేతిలో ఉండేది. చెరువు నిండా నీరున్నా నీరటి లేకపోతే ఒక మడి మునుగుతుంది, ఇంకో మడి ఎండుతుంది. మెదడు కణంలో కార్టిసాల్ నీరు, గ్రాహకం తూము, బీడీఎన్‌ఎఫ్ నీరటి. నీరటి ఉన్నప్పుడు ఒత్తిడి మనకు పాఠం నేర్పుతుంది, నిలబెడుతుంది. నీరటి లేనప్పుడు అదే ఒత్తిడి కొమ్మలను ఎండబెడుతుంది. తేడా హార్మోన్‌లో మాత్రమే లేదు. దాన్ని కణం ఏ స్థితిలో అందుకుంటుందో దానిలో కూడా ఉంది.

ఒక్క మాట జాగ్రత్తగా గుర్తుంచుకోవాలి. ఇందులో చాలా భాగం ఎలుకల్లో, ప్రయోగశాలలో పెంచిన కణాల్లో తెలిసినది. మనిషి మెదడు మరింత క్లిష్టమైనది. అయినా దారి ఎటు పోతున్నదో దీనివల్ల తెలుస్తుంది.

బెంగళూరులో తెలిసిన సంగతి

మన దేశంలో కూడా ఈ పరిశోధన జరిగింది. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో సుమంత్ర చటర్జీ, ఆయన విద్యార్థులు ఎలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలకుండా ఉంచి, తరువాత వాటి మెదడును పరిశీలించారు. 2002లో ప్రకటించిన ఫలితం ఇది: హిప్పోక్యాంపస్‌లో నాడీ కణాల కొమ్మలు కుదించుకుపోయాయి. కాని భయానికి కేంద్రమైన అమిగ్డలా అనే భాగంలో కొమ్మలు పెరిగాయి. ఆ తరువాత 21 రోజులు విశ్రాంతి ఇస్తే హిప్పోక్యాంపస్ కోలుకున్నది, అమిగ్డలాలో పెరిగిన కొమ్మలు మాత్రం అలాగే ఉన్నాయి. 2012లో అదే ప్రయోగశాల మరొక సంగతి చూపింది. ఒత్తిడి వల్ల హిప్పోక్యాంపస్‌లో బీడీఎన్‌ఎఫ్ తగ్గుతుంది, అమిగ్డలాలో పెరుగుతుంది. అంటే నీరటి చేరవలసిన మడిని వదిలి, వేరే మడికి కాపలా పోయాడన్నమాట.

ఇది చదివినప్పుడు నాకు మన రోగులు గుర్తొచ్చారు. "అప్పు తీరింది సిస్టరమ్మా, అయినా రాత్రి ఉలిక్కిపడి లేస్తున్న" అంటారు. "పేరు మరిచిపోతున్న, లెక్క తప్పుతున్న, కాని ఆ రోజు జరిగింది మాత్రం కళ్ల ముందే ఉంటుంది" అంటారు. కష్టం తీరిపోయినా భయం మిగలడం, మతిమరుపు రావడం వాళ్ల బలహీనత కాదు. ఎలుకల్లో చూసిన ఆ మార్పులు మనుషుల బాధకు కొంత అర్థం చెబుతున్నాయి.

మన ప్రాంతానికి ఈ రంది కొత్త కాదు. 1997–98లో, పాలకుర్తి ఇంకా పాత వరంగల్ జిల్లాలో ఉన్నప్పుడు, పత్తికి లద్దె పురుగు, అకాల వానలు కలిసి పంటను తినేశాయి. ఎన్నో రైతు కుటుంబాలు ఇంటి పెద్దను కోల్పోయాయి. దేశమంతా వరంగల్ పేరు వినిపించింది. ఆ మరణాలకు అప్పు, పురుగు, ధర, వాన అన్నీ కారణాలే. వాటిని ఒక హార్మోన్ మీదికి తోసి చేతులు దులుపుకోవడం అన్యాయం. కాని అదే కష్టంలో ఉన్న మనిషికి "ఇక దారి లేదు" అనిపించే ఆ ఘడియలో, అతని మెదడు కూడా అలసి ఉంటుందని, దారులు ఉన్నా చూడలేని స్థితిలో ఉంటుందని మనం తెలుసుకోవాలి. ఆ ఘడియ దాటించగలిగితే మనిషి మిగులుతాడు.

మాత్రలు ఎందుకు వెంటనే పనిచేయవు?

కుంగుబాటుకు మాత్ర రాసిస్తే చాలామంది పది రోజులు వాడి, "గుణం లేదు" అని మానేస్తారు. దయచేసి ఈ పేరా రెండుసార్లు చదవండి.

నొప్పి మాత్ర గంటలో పనిచేస్తుంది. కుంగుబాటు మాత్రకు సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలు, కొందరికి ఆరు వారాలు పడుతుంది. కారణం ఇప్పుడు మీకు అర్థమవుతుంది. కణాలు కొత్త కొమ్మలు, ముళ్లు వేయాలి. నాటు వేసిన మరునాడే కోతకు రమ్మంటే వరి వస్తుందా? ఈ మందుల్లో కొన్ని నేరుగా బీడీఎన్‌ఎఫ్ గ్రాహకానికే అంటుకొని దాని పనిని సులువు చేస్తాయని ఫిన్లాండ్ దేశంలో ఈరో కాస్ట్రెన్ బృందం 2021లో చూపింది. ఇంకా ఒక సంగతి: మందు కణాన్ని మారగలిగే స్థితికి తెస్తుంది, ఆ సమయంలో మనిషికి దొరికే మాట, తోడు, పని, నిద్ర ఆ మార్పును మంచివైపు నడుపుతాయి. మందు నేలను దున్నుతుంది. విత్తనం మనం వేయాలి.

బాగైన తరువాత కూడా కనీసం ఆరు నెలలు, చాలామందికి తొమ్మిది నెలల నుండి ఏడాది వరకు మాత్రలు కొనసాగించమని డాక్టర్లు చెబుతారు. మానేటప్పుడు డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి.

నడక, నిద్ర, తోడు

2011లో అమెరికాలో 120 మంది వృద్ధుల మీద చేసిన ఒక అధ్యయనం ప్రచురించబడింది. సగం మంది వారానికి మూడు రోజులు, మెల్లగా పెంచుకుంటూ 40 నిమిషాలు నడిచారు. మిగతా సగం ఒళ్లు సాగదీసే వ్యాయామం మాత్రమే చేశారు. ఏడాది తరువాత నడిచినవారి హిప్పోక్యాంపస్ దాదాపు 2 శాతం పెరిగింది, నడవనివారిది 1 శాతానికి పైగా తగ్గింది. పెరిగినవారిలో రక్తంలోని బీడీఎన్‌ఎఫ్ కూడా ఎక్కువగా ఉంది. అన్ని అధ్యయనాల్లో ఇంత ఫలితం రాలేదు. కాని నడక కుంగుబాటును తగ్గిస్తుందనడానికి ఇప్పుడు చాలా ఆధారం ఉంది. నడకకు ఖర్చు లేదు.

నిద్ర సంగతి కూడా అంతే. కార్టిసాల్ పొద్దున పెరగడం, రాత్రి తగ్గడం రెండూ కణానికి కావాలి. 2013లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, నేర్చుకున్న తరువాత హార్మోన్ పెరిగినప్పుడు కొత్త ముళ్లు మొలిచాయని, తగ్గిన సమయంలో అవి నిలబడ్డాయని తేలింది. రాత్రి రెండింటి దాకా సెల్‌ఫోన్ చూస్తూ మేల్కొనే పిల్లలకు ఈ మాట చెప్పండి. పరీక్షల ముందు రాత్రంతా చదవడం కన్నా చదివి నిద్రపోవడం మేలు.

తోడు గురించి కూడా ఒక మాట. మాంట్రియల్‌లో మైకేల్ మీనీ బృందం 1997లో చూపినదేమంటే, తల్లి ఎలుక ఎక్కువగా నాకి సాకిన పిల్లల హిప్పోక్యాంపస్‌లో కార్టిసాల్ గ్రాహకాలు ఎక్కువగా ఉన్నాయి. అవి పెద్దయ్యాక ఒత్తిడికి తక్కువగా బెదిరాయి. పసిబిడ్డకు నూనె రాసి, నలుగు పెట్టి, ఒడిలో వేసుకొని మాట్లాడే మన అమ్మమ్మలు ఏమి ఇస్తున్నారో దీనినిబట్టి ఊహించుకోవచ్చు. బాలింత దిగులుగా, ఏడుస్తూ, బిడ్డ మీద ధ్యాస లేకుండా ఉంటే ఆమెను తిట్టకండి. ఆమెకూ వైద్యం కావాలి, అది ఇద్దరికీ వైద్యం.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త సంగతి మనందరికీ తెలుసు. కర్మెలు మీద అంత గొప్ప విజయం తరువాత, యెజెబెలు బెదిరింపు విని, అరణ్యంలో బదరీ వృక్షం కింద కూర్చొని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవుడు అతనికి "విశ్వాసం లేనివాడా" అని గద్దింపు పంపలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ తినిపించాడు. ఆ బలంతో హోరేబు దాకా నడిపించాడు. అక్కడ అతని బాధంతా చెప్పుకోనిచ్చాడు. చివరికి ఎలీషాను తోడుగా ఇచ్చాడు. నిద్ర, ఆహారం, నడక, మాట, తోడు. మన సంఘాల్లో రంది పట్టినవారిని చూడవలసిన వరుస కూడా ఇదే. ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి. ప్రార్థన చేసి ఆసుపత్రికి కూడా తీసుకురండి.

పొట్లాల్లో వచ్చే ఒత్తిడి హార్మోన్

మోకాళ్ల నొప్పికి, ఆయాసానికి, ఒళ్లు నొప్పులకు కొన్నిచోట్ల పేరు లేని పొట్లాలు, విడి మాత్రలు ఇస్తుంటారు. వాటిలో తరచు డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. ఇవి కార్టిసాల్‌లాగే అదే గ్రాహకం మీద, మరింత బలంగా పనిచేస్తాయి. డాక్టరు పర్యవేక్షణలో ఇవి ప్రాణాలు కాపాడే మందులు. ఇష్టం వచ్చినట్లు నెలల తరబడి మింగితే ముఖం ఉబ్బుతుంది, షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు బలహీనపడతాయి. నిద్ర పోతుంది, చికాకు, దిగులు, కొందరికి మతి చలించడం కూడా వస్తుంది. బయటి నుండి వచ్చే మందును చూసి సొంత గ్రంథులు పని మానేస్తాయి. కనుక ఎక్కువ కాలం వాడినవారు ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. పొట్లం తీసుకొని మన ఓపీకి రండి, మెల్లగా తగ్గించే పద్ధతి డాక్టరు చెబుతారు.

ఎప్పుడు రావాలి?

కింది వాటిలో కొన్ని రెండు వారాలకు మించి ఉంటే ఆలస్యం చేయకండి.

• రోజంతా దిగులు, ఏ పని మీదా ఇష్టం లేకపోవడం
• నిద్ర పట్టకపోవడం, లేదా తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం
• ఆకలి, బరువు తగ్గడం
• కారణం లేని నొప్పులు, నీరసం, మతిమరుపు
• "నేను ఎందుకూ పనికిరాను" అనే ఆలోచన

"నేను లేకుంటేనే మంచిది" అన్న మాట ఎవరి నోట వచ్చినా రెండు వారాలు ఆగవద్దు. ఆ రోజే తీసుకురండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఇంట్లో పురుగుమందు ఉంటే తాళం వేసి తాళంచెవి వేరొకరి దగ్గర ఉంచండి, లేదా ఇంటి బయటికి పంపండి. మన పొరుగునే లింగాలఘణపురం మండలంలోని ఏనబావి రైతులు 2006 నాటికే ఊరంతా పురుగుమందులు లేని సేద్యానికి మారారు. ఇంట్లో మందు డబ్బాయే లేని ఊరికి ఈ భయం కూడా తక్కువే.

రాత్రింబవళ్లు ఉచితంగా మాట్లాడటానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ సేవలో తెలుగులో మాట్లాడవచ్చు.

మీ ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: కార్టిసాల్, బీడీఎన్‌ఎఫ్ రక్త పరీక్ష చేయించుకుంటే కుంగుబాటు తెలుస్తుందా?
జవాబు: తెలియదు. కార్టిసాల్ పరీక్ష అధివృక్క, పిట్యూటరీ గ్రంథుల జబ్బులకు. బీడీఎన్‌ఎఫ్ పరీక్ష పరిశోధనల్లోనే వాడతారు. కుంగుబాటును డాక్టరు మీతో మాట్లాడి గుర్తిస్తారు. అయితే థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం కూడా ఇలాంటి లక్షణాలే ఇస్తాయి కనుక ఆ పరీక్షలు అవసరం పడవచ్చు.

ప్రశ్న: బీడీఎన్‌ఎఫ్ పెంచే టానిక్ ఉందా?
జవాబు: లేదు. రక్తంలోకి ఎక్కించినా అది మెదడులోకి సరిగా చేరదు. పైన చెప్పినట్లు అన్నిచోట్లా పెరగడం మంచిది కూడా కాదు. అలా ప్రచారం చేసే పొడులకు, సీసాలకు డబ్బు పెట్టకండి.

ప్రశ్న: ఈ మాత్రలు అలవాటు పడతాయా?
జవాబు: కుంగుబాటు మాత్రలు మత్తుమందుల్లాగా అలవాటు కావు. అల్ప్రజోలం వంటి నిద్ర మాత్రలు అలవాటు పడతాయి, వాటిని దుకాణంలో అడిగి కొనుక్కోవద్దు. మందు కలిపిన కల్లు తాగేవారికి కూడా ఇదే ముప్పు. వారు ఒక్కసారి మానేస్తే వణుకు, ఫిట్స్, మతి తప్పి మాట్లాడటం రావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

ప్రశ్న: మా కోడలికి ఈ వైద్యం జరుగుతున్నదని సంఘంలో తెలిస్తే?
జవాబు: మీరు చెప్పనిదే మేము ఎవరికీ చెప్పము, పాస్టరు గారికైనా సరే. కాని ఒక మాట ఆలోచించండి. షుగరుకు మాత్ర వేసుకుంటున్నానని మనం కూడికలో అందరి ముందూ చెప్పుకుంటాం. ఇదీ శరీరంలోని కణాల జబ్బే. మీరు ధైర్యంగా చెప్పిన రోజున, మీ పక్క బల్ల మీద కూర్చున్న మరొక తల్లి తన మనాది సంగతి చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది.

మన ఓపీలో ఈ సంగతులు మాట్లాడాలంటే చీటీ మీద ఏమి జబ్బో రాయించనక్కరలేదు. "సిస్టరుతో మాట్లాడాలి" అని చెప్పండి, చాలు. ప్రభువు మీ ఇండ్లకు సమాధానం, మీ కండ్లకు నిద్ర దయచేయును గాక.